ముందు బార్ కొను, గిటార్ సంగతి తర్వాత

కిందటి నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, నీలాగా స్టీల్ గిటార్ నేర్చుకోవాలనుంది. ఏ గిటార్ కొనమంటావ్?" అన్నాడు. నా నోట్లోంచి ఊడిపడ్డ జవాబు, చిన్నప్పుడు నాకీ గిటార్ నేర్పిన మా మాస్టారిది. "గిటార్ సంగతి తర్వాత చూద్దాంరా. ముందు బార్ కొను."

వాడు అవతల కాసేపు కిక్కురుమనలేదు. 1978లో మా నాన్న కూడా ఇలాగే గుడ్లప్పగించి చూశాడు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పన్నెండేళ్ళ కొడుకు సాయంత్రం ఇంటికొచ్చి, "నాన్నా, బార్‌కి ఇరవై రూపాయలు కావాలి" అంటే ఏ తండ్రి మాత్రం ఏమనుకుంటాడు! మర్నాడు మాస్టారే ఇంటికొచ్చి, జేబులోంచి తన బార్, అంటే గిటార్ తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ, తీసి చూపించేదాకా మా అమ్మకి టెన్షన్ తగ్గలేదు.

మేనల్లుడి ఫోన్ పెట్టేశాక, మాస్టారు సామాను ఎలా ఎంచేవారో ఒకచోట రాసిపెడదామనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు విశాఖలో, గోపాలపట్నంలో ఉంటున్నాను. అటక మీద పాత గిటార్ ఉన్నవాళ్ళు, కొత్తగా కొందామనుకునేవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటారు. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఇదిగో.

మాస్టారు బెంగాలీ. బెంగాలీ పిల్లలు "మాస్టర్‌మశాయ్" అనేవారు, మేం తెలుగు పిల్లలం "మాస్టారూ" అనేవాళ్ళం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం వెళ్ళి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. గోల్‌బజార్‌లో తెలుగు మాట చెవిన పడకుండా వంద గజాలు నడవలేం. ఆ గాలికి మాస్టారికీ తెలుగు కాస్త అంటింది. "నెమ్మది", "బాగుంది", "మళ్ళీ". ఈ మూడు మాటలతోనే ఆయన నాకు ఆరేళ్ళు పాఠం చెప్పారు. రెండోది తక్కువగా, మూడోది ఎక్కువగా వాడేవారు.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. స్టీల్ గిటార్ అంటే ఉక్కుతో చేసిన గిటార్ అనుకునేరు. గిటార్‌ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేత్తో మీటుతాం. ఆ కడ్డీయే బార్. మన దగ్గర దీన్ని హవాయిన్ గిటార్ అంటారు, మామూలు గిటార్‌ని స్పానిష్ అంటారు. మా నాయనమ్మ మొదటిసారి విని, "మన గొట్టువాద్యంలా ఏడుస్తోందిరా" అంది. ఆవిడ చెవి గట్టిది. గొట్టువాద్యం కూడా వేళ్ళతో నొక్కేది కాదు, తీగ మీద కొయ్యముక్క జరిపి వాయించేదే.

హవాయిలో ఓహు ద్వీపానికి చెందిన జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు 1880లలో దీన్ని మొదలుపెట్టాడంటారు. రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టు తీగకి తగిలి కొత్త రకం నాదం పలికిందనీ, తర్వాత తన బడి వర్క్‌షాప్‌లో ఉక్కు కడ్డీ చేసుకున్నాడనీ ఒక కథ ఉంది. ఈ కథ మాస్టారికి ప్రాణం. "చూశావా, ఇది రైల్వేవాళ్ళ వాద్యం" అని వర్క్‌షాప్ ఉద్యోగుల పిల్లలమైన మాకు చెప్పి నవ్వేవారు. కుటుంబంతో దేశదేశాలు తిరిగిన హవాయి విద్వాంసుడు టావు మో 1940లలో కొన్నేళ్ళు కలకత్తాలో ఉన్నాడు. ఆ పైన కలకత్తా ఈ వాద్యాన్ని వదల్లేదు. బటుక్ నంది రవీంద్ర సంగీతం వాయించిన రికార్డులు, సునీల్ గంగూలీ సినిమా పాటలు వాయించిన రికార్డులు బెంగాలీ ఇళ్ళల్లో వినిపిస్తుండేవి. మా మాస్టారు కుర్రతనంలో వారం వారం హౌరా లోకల్ ఎక్కి వెళ్ళి భవానీపూర్‌లో ఒకాయన దగ్గర నేర్చుకొచ్చారు.

ఇక పనిలోకి వద్దాం.

బార్

మాస్టారి లెక్క ఇది: గిటార్ బాగా లేకపోయినా మంచి బార్‌తో పాట పలుకుతుంది. బార్ బాగా లేకపోతే ఎంత ఖరీదైన గిటారైనా గీరుతుంది. తీగని తాకేది బార్. గిటార్ ఆ తీగని మోస్తుంది, అంతే. అందుకే చేతిలో వెయ్యి రూపాయలుంటే దేనికి ఎంతన్నది ఆయన తలకిందులుగా చెప్పేవారు: ముందు బార్, తర్వాత తీగలు, మిగిలిందాంట్లో గిటార్.

బార్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గుండ్రటి కడ్డీ, ఒక కొస తూటా మొనలా నున్నగా ఉంటుంది కాబట్టి బుల్లెట్ బార్ అంటారు. రెండోది రెండు పక్కలా, పైనా గాడి ఉండి వేళ్ళకి పట్టు దొరికే రకం. దాన్ని స్టీవెన్స్ బార్ అంటారు. చేతిలోంచి జారిపోతుందని భయపడేవాళ్ళకి రెండోది సులువు. మాస్టారు మాత్రం మొదటి రోజు నుంచీ గుండ్రటిదే ఇచ్చేవారు. బార్‌ని వేళ్ళమధ్య కొద్దిగా దొర్లించితే వచ్చే వణుకు గాడి బార్‌తో రాదని ఆయన పట్టుదల. నా మట్టుకు నేను పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్ళకి గాడి బారే ఇస్తాను. మాస్టారు వింటే ఒప్పుకోరు.

పెద్దవాళ్ళ చేతికి 7/8 అంగుళం మందం, మూడుంపావు అంగుళాల పొడవు ఉన్నది సరిపోతుంది. రెండువందల గ్రాములు దాటి బరువుంటుంది. పిల్లలకీ సన్నచేతులవాళ్ళకీ ముప్పావు అంగుళం మందంది చాలు. మరీ తేలికైంది మాత్రం వద్దు. బార్ తన బరువుతో తానే తీగమీద కూర్చోవాలి. తేలిగ్గా ఉంటే మనం నొక్కాల్సొస్తుంది. నొక్కితే తీగ కిందికి వంగి శృతి పెరుగుతుంది, ఇంకా నొక్కితే ఫ్రెట్‌కి, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన సన్నటి లోహపు గట్టుకి, తగిలి టకటకలాడుతుంది.

నా మొదటి బార్‌ని దుకాణంలో కొనలేదు. రిటైరైన టర్నర్ ఒకాయనకి ఇంటి వెనక సొంత లేత్ ఉండేది. మాస్టారు స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్డు ముక్క పట్టుకెళ్ళి ఆయన చేత తిప్పించారు. మా నాన్న ఇచ్చిన ఇరవై దానికే. మీ ఊళ్ళో లేత్ పని చేసేవాళ్ళుంటే మీరూ చేయించుకోవచ్చు. అయితే తిప్పించడంతో పని అయిపోదు. లేత్ మీద టూల్ గీసిన సన్నటి గీతలుంటాయి. కంటికి కనపడవు, తీగకి తెలుస్తాయి. ముందు నీళ్ళ ఎమెరీ కాగితం, 400 నుంచి మొదలుపెట్టి 1000 దాటిందాకా, ఆ తర్వాత ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో గుడ్డముక్క పెట్టి రుద్దాలి. మా ఇంట్లో అందరం వంతులేసుకుని రెండు సాయంత్రాలు రుద్దాం. చాలనిపించిందాకా రుద్ది, గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడైనా తడబడిందంటే ఇంకా రుద్దాల్సిందే.

పాత బేరింగుల్లోని రోలర్లని కూడా బార్‌గా వాడతారు. గట్టి ఉక్కు, అద్దంలా ఉంటుంది. కానీ కొన్ని రోలర్లు నడుమ లావుగా, పీపాలా ఉంటాయి, కొన్ని ఒక కొస సన్నగా ఉంటాయి. అవి పనికిరావు. మాస్టారు పరీక్ష ఇలా చేసేవారు. కిటికీ అద్దం ముక్క ఒకటి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని దానికి బార్‌ని ఆనించి, మధ్యలోంచి వెలుగు వస్తోందా అని చూసేవారు. పొడుగునా ఎక్కడా వెలుగు రాకపోతే అది తిన్నటి బార్. దుకాణంలో కొనేటప్పుడూ ఇదే చూడండి. గాజు బల్ల ఉంటే ఇంకా సుఖం. క్రోమ్ పూత వేసిన చవకరకం కొనొద్దు. పూత పెచ్చులూడిన రోజున మళ్ళీ కొనాలి.

పట్టుకునే తీరు: బొటనవేలు ఒకపక్క, నడిమివేలు ఇంకోపక్క, చూపుడువేలు పైన. మిగిలిన రెండు వేళ్ళూ బార్ వెనకాల తీగల మీద తేలిగ్గా పడుకోవాలి. ఈ చివరిదాన్ని అందరూ మర్చిపోతారు. బార్ జరుగుతున్నప్పుడు దాని వెనక మిగిలిన తీగముక్క కూడా మోగుతుంది, అదో దయ్యపు నాదం. ఆ రెండు వేళ్ళూ దాన్ని అణచాలి. మా క్లాసులో కొత్తవాళ్ళెవరు వాయిస్తున్నా వీధి చివరికి తెలిసిపోయేది.

తీగలూ శృతీ

హవాయిన్ గిటార్‌కి శృతులు చాలా రకాలున్నాయి. మాస్టారు అందరికీ ఇచ్చింది ఒక్కటే, ఎ మేజర్. సన్నతీగ నుంచి లావుతీగ దాకా వరసగా: ఇ, సి షార్ప్, ఎ, ఇ, ఎ, ఇ. మూడో తీగని షడ్జమం అనుకుంటే మన లెక్కలో ప, గ, స, కింది ప, కింది స, దానికింకా కింద ప. సంగీతం క్లాసుకి వెళ్ళిన పిల్లలకి ఇది చటుక్కున బుర్రకెక్కుతుంది. బార్ ఎక్కడ పెట్టి మీటినా ఆరు తీగలూ కలిసి ఒక మేజర్ కార్డ్, అంటే స గ ప కలిసిన నాదం, అవుతుంది.

స్పానిష్ గిటార్ నుంచి ఈ శృతికి రావడానికి మూడు తీగలే కదపాలి. రెండు, మూడు, నాలుగు తీగలని ఒక్కొక్కదాన్ని రెండేసి ఫ్రెట్లంత శృతి పెరిగేలా పైకి లాగాలి. ఒకటి, అయిదు, ఆరు ఉన్నచోటే ఉంటాయి.

ఇక్కడే చాలామంది గిటార్లు విరగ్గొట్టుకుంటారు. మూడు తీగలు రెండేసి ఫ్రెట్లు లాగితే, తీగల కింది కొసలు ఆనే చెక్కముక్క, అంటే బ్రిడ్జి మీద ఇంచుమించు పది కిలోల లాగుడు పెరుగుతుంది. కొత్త గిటారైతే తట్టుకుంటుంది, ముసలిదైతే బ్రిడ్జి లేచిపోతుంది. మాస్టారి కిటుకు ఏమిటంటే, పాత గిటార్‌కి లాగకుండా వదలడం. ఒకటి, అయిదు, ఆరు తీగలని రెండేసి ఫ్రెట్లు కిందికి దింపండి, మిగతా మూడూ ముట్టుకోవద్దు. అప్పుడు డి, బి, జి, డి, జి, డి వస్తుంది. స్వరాల వరస అదే, ప గ స ప స ప. షడ్జమం మాత్రం ఎ బదులు జి అవుతుంది. పాఠం ఒక్క అక్షరం మారదు, గిటార్ బతుకుతుంది. ఎ శృతే కావాలంటే సన్నతీగ 0.012 అంగుళం మందం ఉండే సెట్ మానేసి 0.011 సెట్ వేసుకోండి.

తీగలు ఉక్కువే అయ్యుండాలి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఇంట్లో ఉంది కదా అని దానికి ఉక్కు తీగలు ఎక్కించొద్దు. అది ఆ బరువుకి చేసింది కాదు. మా పక్క క్వార్టర్ అబ్బాయి ఎక్కించాడు. ఒకరాత్రి అందరం పడుకున్నాక బ్రిడ్జి ఊడి, తుపాకీ పేలిన చప్పుడైంది.

మాస్టారి మూడు గిటార్లు

మాస్టారి దగ్గర మూడు ఉండేవి. మూడూ మూడు రకాల ఎంపిక, అందుకే విడివిడిగా చెబుతాను.

మొదటిది క్లాసు గిటార్. బోలు ఒంటి మామూలు స్పానిష్ గిటారే, ఎవరో వద్దనుకుని అమ్మేసింది. ఫ్రెట్లు అరిగిపోయాయి, మెడ కొంచెం వంగింది. స్పానిష్ వాయించేవాడికి అది చెత్త. మనకి మాత్రం బంగారం, ఎందుకంటే మన బార్ ఫ్రెట్లని తాకనే తాకదు. ఫ్రెట్లు మనకి గీతల కింద లెక్క, స్కేలు మీద అంకెల్లాగ. కాబట్టి సెకండ్ హాండ్ దుకాణంలో "ఫ్రెట్లు అరిగాయండీ" అని మూల పెట్టినవాటినే అడగండి. బేరం మన చేతిలో ఉంటుంది.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్రిడ్జి వెనక అంచు కింద విజిటింగ్ కార్డు దూర్చి చూడండి. దూరిందంటే జిగురు వదిలేసింది, వదిలెయ్యండి. బ్రిడ్జి వెనక చెక్క మీద ఇనప స్కేలు అడ్డంగా పెట్టండి. కాస్త ఉబ్బు మామూలే, స్కేలు అటూ ఇటూ ఊయలలా ఊగుతుంటే మాత్రం వద్దు. మెడ ఒంటితో కలిసేచోట, మడమ దగ్గర, వెంట్రుకంత పగులున్నా వద్దు. శృతి మరలు ఒక్కొక్కటీ తిప్పి చూడండి, వదిలేసినా వెనక్కి జారకూడదు. వానాకాలంలో కొనాల్సొస్తే ఇంకా జాగ్రత్త, ఖరగ్‌పూర్‌లోనైనా విశాఖలోనైనా ఆ తేమకి చెక్క ఉబ్బి లోపాల్ని దాచేస్తుంది. మాస్టారైతే చలికాలం దాకా ఆగమనేవారు.

కొన్నాక చెయ్యాల్సింది తీగల్ని ఎత్తడం. మెడ పైకొసన తీగలు ఆనే ఎముక ముక్క, అంటే నట్, దాని మీద తొడిగే లోహపు నట్ రైజర్ దొరుకుతుంది. ఖరీదు పెద్దగా ఉండదు. దొరక్కపోతే అల్యూమినియం యాంగిల్ ముక్కతో చేసుకోవచ్చు. తీగలు చెక్కకి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తున ఉండాలి. మరో విషయం, స్పానిష్ గిటార్‌లో తీగలు కొంచెం విల్లులా వంపుగా అమర్చి ఉంటాయి. బార్ తిన్నటిది కదా, నడిమి తీగల్ని తాకి అంచు తీగల్ని వదిలేస్తుంది. అందుకని నట్ దగ్గరా బ్రిడ్జి దగ్గరా ఆరు తీగల పైభాగాలూ ఒకే మట్టానికి వచ్చేలా గాళ్ళు అరగదీయాలి. మళ్ళీ ఆ అద్దం ముక్కే తీగల మీద పరిచి చూడండి, అన్నిటికీ ఆనాలి.

రెండోది ఆయన ప్రాణం. బోలు లేని టేకు పలక, ఎలక్ట్రిక్. ఎవరి ఇంట్లోనో విరిగిన పాత మంచం పట్టెతో వడ్రంగి చేత చేయించుకున్నారు. "ముప్పయ్యేళ్ళు మనుషులు పడుకున్న కర్ర, ఇక వంకర పోదు" అనేవారు. నవ్వులాటగా అన్నా అందులో నిజం ఉంది. పచ్చికర్రతో చేసిన పలక రెండేళ్ళలో మెలిపడుతుంది. బాగా ఆరిన పాత టేకు దొరికితే కొత్తదాని జోలికి పోవద్దు.

మీరూ చేయించుకోవాలంటే గీతల లెక్క చెబుతాను. నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు మాస్టారు ఇరవై రెండున్నర అంగుళాలు పెట్టారు, అంటే 571.5 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 32.1 వస్తుంది. నట్ నుంచి అంత దూరంలో మొదటి గీత. మిగిలిన పొడవుని మళ్ళీ 17.817తో భాగిస్తే రెండో గీత. అలా పోతూనే ఉండాలి. పన్నెండో గీత సరిగ్గా సగంలో, 285.75 దగ్గర పడాలి. పడకపోతే లెక్క ఎక్కడో తప్పింది, రంపం పట్టకముందే సరిచూసుకోండి. ఫ్రెట్ తీగలు కొట్టనక్కర్లేదు, తెల్ల రంగుతో గీతలు చాలు. మాస్టారి పలక మీద గీతలు ఎనిమిదో తరగతి జామెట్రీ బాక్సుతో గీసినవి. ఏడో గీత కాస్త ఇటుగా పడింది. ఆయన దాన్ని చెరపలేదు, "చెవితో వాయించు, కంటితో కాదు" అని పిల్లలకి చెప్పడానికి అదో సాకు.

పికప్‌కీ (తీగ కదలికని పట్టి యాంప్లిఫయర్‌కి పంపే అయస్కాంతపు ముక్క) తీగకీ మధ్య రెండు రూపాయి బిళ్ళలు పట్టేంత సందు ఉంచండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని పీకి శృతి తప్పిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే గుంయ్ మంటుంది. గిటార్‌తో పాటు మీరూ కొంచెం తిరిగి కూర్చోండి, ఏదో ఒక కోణంలో తగ్గుతుంది.

మూడోది జపాన్‌ది, ఫ్యాక్టరీలో చేసిన చిన్న ఒళ్ళో గిటార్. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన ఇచ్చివెళ్ళారు. చూడ్డానికి ముత్యంలా ఉండేది. మేమంతా దానికోసం పడిచచ్చేవాళ్ళం, మాస్టారు మాత్రం పూజ పందిళ్ళలో సినిమా పాటలకి తప్ప బయటకి తీసేవారు కాదు. రవీంద్ర సంగీతానికి బోలు గిటార్, రేడియో పాటలకీ మెల్లని రాగాలకీ టేకు పలక, గోల ఉన్నచోట జపాన్‌ది. పాటని బట్టి చెయ్యి దానంతటదే ఆ పెట్టె వైపు వెళ్ళేది.

అసలు లోకంలో మొదట బాగా అమ్ముడుపోయిన ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఒళ్ళో గిటారే. 1932లో, తర్వాత రికెన్‌బ్యాకర్‌గా పేరుపడ్డ కంపెనీ అల్యూమినియంతో పోతపోసింది, పెనంలా ఉందని దానికి ఫ్రైయింగ్ పాన్ అని పేరు పడింది. దీపాల వేడికి ఆ లోహం వ్యాకోచించి శృతి జారేదట. మాస్టారు ఈ సంగతి చెప్పి, మే నెల ఖరగ్‌పూర్ ఎండని చూపించి, తన టేకు పలకని తట్టేవారు.

ఎనిమిది తీగల గిటార్ కొనాలా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. లక్నో నుంచి బొంబాయి వెళ్ళిన వాన్ షిప్లీ ఎనిమిది తీగల ఎలక్ట్రిక్ గిటార్ వాయించి పేరు తెచ్చుకున్నాడు. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ మీద హిందుస్తానీ రాగాలు వాయించాడు, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన చేసిన రికార్డు ఇప్పటికీ వింటారు. వాళ్ళని చూసి తీగలు పెంచుకోవాలనిపిస్తుంది. ఆరు తీగల్లో ఐదింటిని నోరు మూయించడం వచ్చాక ఆలోచించండి.

మీటే గోళ్ళు

దీనికి ఎక్కువ చెప్పేదేం లేదు. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడు, నడిమి వేళ్ళకి లోహపువి. వేలి గోరుని కప్పేలా కాకుండా, కండ వైపు వచ్చేలా తొడగాలి. ప్లాస్టిక్‌ది బిగుతైతే వేణ్ణీళ్ళలో ఒక నిమిషం వేసి, వేలికి పెట్టుకుని చల్లార్చండి. వేలి ఆకారానికి వస్తుంది. మరీ మరిగే నీళ్ళలోంచి తీసి వెంటనే వేలికి పెట్టుకోవద్దు. ఇది నేను చేసి చూశాను.

మొదటి నెల

చేతుల్లేని కుర్చీ కావాలి. తొడలు నేలకి సమంగా ఉండాలి, గిటార్ కింద మడిచిన తువ్వాలు వేస్తే జారదు. బార్‌ని ఫ్రెట్ తీగకి సరిగ్గా పైన పెట్టాలి. స్పానిష్‌లో వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పెడతారు, ఆ అలవాటు ఇక్కడ శృతి తప్పిస్తుంది. ఇంకో చిక్కుంది. బార్ తీగలమీద ఎత్తుగా ఉంటుంది, గీత కింద ఉంటుంది, మన కన్ను పక్కనుంచి చూస్తుంది. అందువల్ల సరిగ్గా పెట్టామనుకుంటాం, కొంచెం అటో ఇటో పడుతుంది. తల ముందుకి వంచి నిట్టనిలువుగా చూసి, తర్వాత కళ్ళు మూసుకుని వినండి.

మాస్టారు మొదటి నెలంతా ఒక్క తీగ మీదే ఉంచేవారు, సన్నతీగ. ఎ శృతిలో దాని అయిదో ఫ్రెట్ షడ్జమం, పన్నెండు పంచమం, పదిహేడు పై షడ్జమం. ఊరికే వదిలిన తీగని షడ్జమం చేసుకుంటే సులువే కదా అంటే, "వదిలిన తీగకి వణుకు ఎలా ఇస్తావు?" అనేవారు. నిజమే, బార్ లేనిచోట గమకం లేదు. నేను తెలుగువాణ్ణని మా ఇంటి పక్క అక్క నేర్చుకునే సరళీ వరసలు నన్నడిగి తెలుసుకుని, నాచేత అవే వాయించారు. మాయామాళవగౌళ అయిదో ఫ్రెట్ నుంచి మొదలుపెడితే 5, 6, 9, 10, 12, 13, 16, 17. ఆరు నుంచి తొమ్మిదికి ఆ గెంతు బార్‌కి మంచి వ్యాయామం. ముందు ప్రతి స్వరానికీ బార్ ఎత్తి పెట్టండి, జారుడు వద్దు. జారుడు బండ లాంటిదిది, మొదట్లోనే రుచి మరిగితే ఏ స్వరం మీదా నిలబడరు. పదిహేను రోజులు ఎత్తి పెట్టాక అప్పుడు జరపండి, నిదానంగా, స్వరం కిందనుంచి ఎక్కి సరిగ్గా గీత మీద ఆగేలా. వణుకు అన్నిటికంటే ఆఖర్న. స్వరం సరిగ్గా పడకముందే చెయ్యి వణికించేవాణ్ణి చూస్తే మాస్టారికి ఒళ్ళుమంట. "తప్పుని దాచుకుంటున్నావు" అన్నట్టు చూసి, "మళ్ళీ" అనేవారు.

కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, ఒక్కో స్వరం అయ్యాక నాదాన్ని ఆపడం కూడా ఈ నెలలోనే మొదలుపెట్టండి. తర్వాత నేర్చుకుందాంలే అనుకున్నవాళ్ళెవరూ నేర్చుకోగా నేను చూడలేదు.

వాయించడం అయ్యాక తీగల్ని పొడిగుడ్డతో, కింది వైపు కూడా, తుడవండి. చెమట ఉన్న చెయ్యి అయితే వారానికోసారి ఆ గుడ్డ మీద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. బార్‌ని విడిగా మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టండి. జేబులో తాళాలతో కలిపి వేసుకోవద్దు.

కింద పడెయ్యకండి అని చెప్పడం తేలిక. 1981లో ఒక ఆదివారం, మాస్టారి బార్‌ని ఆయన వరండాలో సిమెంటు గచ్చు మీద నేనే పడేశాను. నోరెత్తలేదాయన. తీసి, గోరు లాగి చూసి, నడుమ దగ్గర చిన్న నొక్కు పడిందని నాకు చూపించారు. నేను ఏడుపు మొహం పెట్టాను. గుండ్రటి బార్‌కి ఉన్న సుఖం ఇదే: నొక్కు పడితే అరగదీయకండి, అరగదీస్తే అక్కడ గుంట పడి బార్ అంతా పాడవుతుంది. నొక్కు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోండి, చూపుడువేలి కింద ఉంటుంది, తీగకి తగలదు. వణుకు ఇచ్చేటప్పుడు ఎక్కువ దొర్లించకుండా చూసుకుంటే చాలు. ఆయన అలాగే తిప్పి పట్టుకుని ఆ రోజు పాఠం పూర్తిచేశారు.

ఆయన పోయాక టేకు పలక వాళ్ళ అమ్మాయి దగ్గర ఉండిపోయింది. బార్ నాకు పంపించింది. ఆ నొక్కు ఇప్పటికీ ఉంది, వాయించే ముందు చూపుడువేలితో వెతికి పైకి తిప్పుకుంటాను. మేనల్లుడికి మాత్రం లేత్ మీద కొత్తది చేయించమన్నాను.